ఎండ తాగిన మక్కల విస్కీ

మెదక్ కొత్తగా జిల్లా కేంద్రం అయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను ఆ చుట్టుపక్కల ఉన్న ఒక డిస్టిలరీకి ఆబ్కారీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. కంపెనీ పేరు రాయను. రాస్తే అది కూడా వాళ్లకు ప్రచారమే అవుతుంది, ఇప్పటికే ఉచితంగా జరిగిన ప్రచారం చాలు.

ఆబ్కారీ అనగానే అందరికీ గుడుంబా బట్టీల మీద దాడులే గుర్తొస్తాయి. డిస్టిలరీ పోస్టింగు వేరు. మద్యం కాచే ప్రతి ఫ్యాక్టరీ లోపల సర్కారు తరఫున ఒక అధికారి ఉండాలి. కాచిన ప్రతి చుక్కకూ పన్ను ఉంటుంది కాబట్టి ఆ చుక్క ఎక్కడ పుట్టింది, ఎక్కడ నిలవ ఉంది, ఏ లారీ ఎక్కింది అని చూడటమే పని. జీతం సర్కారుది, కుర్చీ మాత్రం కంపెనీ ఆవరణలో. వాళ్ల టీ తాగుతూ వాళ్లను అనుమానించాలి. నేను చేరిన రోజు ప్రొడక్షన్ మేనేజరు నన్ను దాటి గేటు వైపు చూశాడు, వెనకాల సారు ఎవరైనా వస్తున్నాడేమోనని. ఆ సారును నేనే అని చెప్పాల్సి వచ్చింది. అప్పుడే ఒళ్లు మండింది. అది ఆరడానికి వాళ్లు ఎప్పుడూ అవకాశం ఇవ్వలేదు.

ఈ కథకు కావలసిన రూలు ఒకటే ఉంది. సరుకు నిలవ ఉండే గోదాముకు రెండు తాళాలు ఉంటాయి. ఒకటి కంపెనీది, రెండోది సర్కారుది. సర్కారు తాళం చెవి ఇన్‌స్పెక్టరు దగ్గరే ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. రెండూ తీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. తెరిచినంతసేపూ ఇన్‌స్పెక్టరు అక్కడే ఉండాలి. నేను మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా ఆ గడప దగ్గరే విప్పేదాన్ని.

కంపెనీ తరఫున గోదాము చూసేది మొగులయ్య. హవేలిఘనపూర్ వైపు ఊరు. ఇంటి దగ్గర కొంచెం వరి పొలం ఉంది, అది భార్య సత్తెమ్మ చూసుకునేది. పీపాలు దొర్లించడం, కారుతున్నాయేమో తడిమి చూడటం, వదులైన ఇనుప పట్టీలు సుత్తితో బిగించడం అతని పని. ఆదివారం కల్లు తాగేవాడు. ఆ సంగతి దాచేవాడు కాదు, సోమవారం పొద్దున ఎవరైనా అడిగితే ఎక్కడి చెట్టు కల్లు బాగుందో కూడా చెప్పేవాడు.

ఇక బోర్బన్ సంగతి. కంపెనీ యజమానిని అందరూ సేటు అనేవారు. ఆయన సీసాలు నింపే మెషిన్లు చూడటానికి అమెరికా వెళ్లి, ఏదో హోటల్లో మొదటిసారి బోర్బన్ తాగి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి వేరే మాట లేదు. రంగు తేనెలా ఉంటుందట, గొంతులో దిగేటప్పుడు మంట ఉండదట, తాగాక కూడా నోట్లో తీపి నిలుస్తుందట. తెచ్చిన సీసాల్లోంచి స్నేహితులకు తలా ఒక గుటక పోశాడు. అంతకుముందు స్కాచ్ తప్ప ముట్టనన్నవాళ్లు కూడా మర్నాడు ఫోన్ చేసి ఇంకా ఉందా అని అడిగారట. అది దేనితో చేస్తారని కనుక్కుంటే మక్కలు, అంటే మొక్కజొన్నలు, అని తేలింది. మక్కలకు మన దగ్గర కొదవేముంది, మనమే చేద్దాం అని సేటు నిర్ణయించాడు.

నాకు తాగే అలవాటు లేదు కానీ కాపలా కాసే సరుకు గురించి తెలుసుకోవడం నా పని కాబట్టి చదివాను. పూర్వం అమెరికా రైతులకు మక్కలు ఇంటికి మించి పండేవి. మోసుకెళ్లి అమ్మాలంటే దారి దూరం, నిలవ ఉంచితే పురుగు. అందుకని కాచి పీపాల్లో పోసేవారు. ఆ పీపాలను లోపల బొగ్గు పట్టేలా కాల్చడం ఎవరు మొదలుపెట్టారో వాళ్లకే సరిగ్గా తెలియదు, తలా ఒక కథ చెబుతారు. తెలిసిందల్లా, పీపాలో పోసినప్పుడు నీళ్లలా తెల్లగా, గొంతు గీరుకుపోయేలా ఉన్న సరుకు కొన్ని ఎండాకాలాలు గడిచాక తీస్తే ఎర్రగా, తియ్యగా ఉండేది. జనం ఇష్టపడింది దాన్నే. ఎండకు సరుకు చెక్కలోకి ఇంకుతుంది, చలికి మళ్లీ బయటికి వస్తుంది, వస్తూ వస్తూ రంగూ రుచీ తెస్తుంది. అలా వచ్చిపోయేటప్పుడు కొంత ఆవిరై పోతుంది. అది పోకుండా రుచి రాదు. తయారీ అంటేనే అది.

బోర్బన్ అనే పేరు మాత్రం అమెరికాలో చేసినదానికే చెల్లుతుంది. లేబుల్ మీద ఆ మాట వేయడానికి వీల్లేదని చెబితే మేనేజరు మొహం గంటు పెట్టుకున్నాడు. చివరికి మక్కల విస్కీ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు ఏదో పెట్టుకున్నారు. ఫ్యాక్టరీలో అందరూ బోర్బన్ అనే పిలిచేవారు.

నర్సాపూర్ వైపు నుంచి మక్కల లారీలు వచ్చాయి. మక్కలు తెచ్చిన రైతు ఒకాయన కోళ్ల దాణా ఫ్యాక్టరీ అనుకుని, ఏ కోళ్లకు పోస్తున్నారని మొగులయ్యను అడిగాడు. మొగులయ్య నవ్వి, "కోళ్లకు కాదే, సేట్లకు" అన్నాడు. అందరం నవ్వాం. ఆ గోదాములో నవ్విన రోజులు కూడా ఉన్నాయి.

కాచిన సరుకు కొత్త ఓక్ పీపాల్లో పోశాం. ఇక్కడే మేనేజరు తెలివి చూపించాడు. గోదాముకు రేకుల కప్పు. పీపాలను చెక్క చట్రాల మీద వరసలు వరసలుగా రేకులకు అంటేలా పేర్పించాడు. గోడలకున్న గాలి జాలీలన్నీ లోపలా బయటా అట్టలు పెట్టి మూయించాడు. ఎంత కాగితే అంత తొందరగా రంగు ఎక్కుతుందని అతని లెక్క. అమెరికాలో నాలుగైదేళ్లు పట్టే పని మెదక్ ఎండతో రెండేళ్లలో కొట్టేయాలని. ఏప్రిల్ నెలలో ఆ పైవరస దగ్గర చెయ్యి పెడితే చట్రం చుర్రుమనేది.

మొగులయ్య నా దగ్గరికి వచ్చి, "మేడం, గా జాలీలు జర తెరువుమని సారుకు చెప్పుండ్రి. లోపల పొయ్యి లెక్క ఉన్నది. చెక్క సందులకెల్లి వాసన గుప్పుమంటున్నది" అన్నాడు. చెప్పాను. మేనేజరు అది తయారీ రహస్యమనీ, నిలవ సంగతి నేను చూసుకుంటే తయారీ సంగతి తను చూసుకుంటాననీ అన్నాడు. జాలీలు మూసి ఉన్నాయని నా తనిఖీ నివేదికలో రాసి పైకి పంపాను. పై అధికారి మూడు నెలలకోసారి వచ్చి, గడప దగ్గర నిలబడి రుమాలుతో చెమట తుడుచుకుని, సరుకు సరిగ్గా ఉందని సంతకం పెట్టి వెళ్లేవాడు. లోపలికి అడుగు పెట్టింది నేను చూడలేదు.

ఏడాది తర్వాత నమూనా తీశారు. నమూనాకు కూడా నా అనుమతి కావాలి కాబట్టి గెస్టుహౌసులో నేనూ ఉన్నాను. ఒక ఆడమనిషి ముందు గ్లాసు ఎత్తాలా వద్దా అని కాసేపు మొహమాటపడ్డారు, తర్వాత నన్ను మరిచిపోయారు. మొదట రంగును దీపానికి ఎత్తి చూశారు. తర్వాత వాసన. ఒకాయన బెల్లం పాకమన్నాడు, ఇంకొకాయన కాల్చిన మక్కకంకి అన్నాడు, సేటు కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చాడు. కొత్తగా కాచినప్పుడు ఇదే సరుకు వాసన చూసి మొహం తిప్పుకున్న మనుషులే రెండో గ్లాసుకు చెయ్యి చాచారు. ప్రేమ అంటే అలా పుడుతుందన్నమాట. మొగులయ్యకూ ఒక గుటక పోశారు. బయటికి వచ్చాక ఎలా ఉందని అడిగాను.

"నమిలిన చెక్క లెక్క ఉన్నది మేడం. మాకు కల్లే మంచిగుంటది."

రెండో ఎండాకాలం దాటాక వార్షిక నిలవ లెక్క తీశాం. పీపా మూత తీసి కొలకర్ర దించి ఎంత ఉందో చూడాలి, హైడ్రోమీటరు వేసి ఘాటు ఎంతో చూడాలి. పీపాలో ఆవిరయ్యేదాన్ని మేం తరుగు అంటాం. ఏడాదికి ఇంత తరుగు అని రూల్లో ఒక అంకె ఉంటుంది. ఎవరు ఎక్కడ కూర్చుని రాశారో కానీ రేకుల కింద కూర్చుని మాత్రం రాయలేదు. మా పీపాల్లో తరుగు ఆ అంకెను ఎప్పుడో దాటిపోయింది. పైవరసలో కొన్ని పీపాలను తడితే సగం ఖాళీ కుండలా మోగాయి.

ఒక మాట చెప్పాలి. అదే సీజన్లో హవేలిఘనపూర్ రైతులు వడ్లు అమ్ముకోవడానికి కుప్పల దగ్గర పడిగాపులు కాస్తున్నారు. తేమ ఉందని, తాలు ఉందని బస్తాకు ఇంత అని తరుగు కోస్తే కిక్కురుమనకుండా ఒప్పుకుని పోవాలి. రైతు దగ్గర లేని తరుగు కూడా ఉన్నట్టే. సేటు పీపాలో కళ్లముందు ఉన్న తరుగు మాత్రం లేనట్టే. ఎందుకంటే తరుగు అని ఒప్పుకుంటే పోయిన సరుకుకు పన్ను కట్టాలి, జాలీలు ఎవరు మూయించారన్న ప్రశ్న వస్తుంది, లైసెన్సు మీద మచ్చ పడుతుంది. దొంగతనం అంటే కంపెనీ బాధితురాలు అయిపోతుంది. దొంగతనానికి ఒక దొంగ కావాలి. కల్లు తాగుతానని నోటితో చెప్పుకునే మనిషి చేతికి అందుబాటులో ఉన్నాడు.

నాకు ఒక్క మాట చెప్పకుండా మేనేజరు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. మొగులయ్య జాలీలోంచి పైపు దించి సరుకు తోడుకుని తాగాడట, మిగిలింది అమ్ముకున్నాడట. ఏ జాలీ? తను అట్టలు పెట్టి మూయించిన జాలీ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టేషనుకు వెళ్లేసరికి మొగులయ్య వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"నేను తాగలె మేడం. తాగితే తాగిన అంటుంటి కదా. నేనేమన్న దాస్తనా?"

కేసు గట్టిపడితే జైలు. ఫిర్యాదు మాత్రమే అయినా ఉద్యోగం పోయినట్టే, ఇంకో ఫ్యాక్టరీ వాళ్లు కూడా గేటు దాటనివ్వరు. విచారణకు మా పై అధికారే వచ్చాడు. గెస్టుహౌసులో భోజనం చేసి, ఏసీ గదిలో కూర్చుని నన్ను పిలిచాడు. నా దగ్గరున్న కొలతలన్నీ ఆయన ముందు పెట్టాను. విషయం చాలా తేలిక. మనిషి తోడుకుంటే సరుకు తగ్గుతుంది కానీ మిగిలినదాని ఘాటు మారదు. తోడుకుని నీళ్లు పోస్తే ఘాటు తగ్గుతుంది. మన పొడి ఎండలో చెక్కలోంచి నీరు ఎక్కువగా ఆవిరవుతుంది కాబట్టి మిగిలిన సరుకు ఘాటెక్కుతుంది. మా పీపాల్లో సరుకు తగ్గింది, ఘాటు పెరిగింది. దొంగ చేతికి అది సాధ్యం కాదు. పైగా రేకుల కిందున్న వరసలోనే ఎక్కువ పోయింది, నేల మీది వరసలో తక్కువ. దొంగైతే కాళ్ల దగ్గరున్న పీపా వదిలేసి నిచ్చెనెక్కి పైపీపాలోంచి తోడుతాడా అని అడిగాను.

ఆయన కాగితాలు పక్కకు జరిపాడు. "మేడం, మీరు ఎమోషనల్ అయితుండ్రు. వాడు డైలీ తాగుతడంట. మేనేజర్ సాబ్ స్టేట్‌మెంట్ ఇచ్చిండు" అన్నాడు.

హైడ్రోమీటరు చెప్పింది ఎమోషన్ అట. మేనేజరు చెప్పింది సాక్ష్యమట. ముప్పై ఏళ్ల సర్వీసులో చాలా మాటలు పడ్డాను కానీ ఆ ఒక్క మాటకు ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను. గొంతు పెంచి మాట్లాడితే ఆయన మాటే నిజమని రాసుకుంటాడు. అందుకని కాగితాలు తీసుకుని బయటికి వచ్చాను.

మర్నాడు పొద్దున సత్తెమ్మ మెదక్‌లో నేను కిరాయికి ఉంటున్న ఇంటికి వచ్చింది. బతిమాలడానికి వచ్చిందనుకున్నాను. కాదు, కడిగేయడానికి వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడం, గా తలుపు మీరు తాళం తీస్తెనే తెరుసుకుంటదంట గదా. మరి మా ఆయన ఎట్ల తాగిండు? మీరిద్దరు కలిసి తాగిండ్రా? తాగితే మిమ్మల్నెందుకు పట్కపోలె?"

వీధిలో వాళ్లు ఆగి చూస్తున్నారు. నాకు కోపం రావాలి, రాలేదు. ఆమె అడిగిన ప్రశ్న అడగాల్సినవాళ్లు ఎవరూ అడగలేదు. మేనేజరుకు తట్టలేదు, పోలీసులకు తట్టలేదు, మా అధికారికి అసలే తట్టలేదు. అధికారిని ఎవరూ దొంగ అనుకోరు కాబట్టి రెండో తాళం ఎవరి కంటికీ ఆనలేదు. తాళం మాత్రం తలుపుకే వేలాడుతోంది.

ఆ రోజే ఆఫీసులో కూర్చుని మా శాఖకు రాశాను. జాలీలు బయటి నుంచీ లోపలి నుంచీ మూసి ఉన్నట్టు నా పాత నివేదికల్లో ఉంది, కాబట్టి సరుకు పోతే తలుపులోంచే పోవాలి. ఆ తలుపు నా చెవి లేకుండా తెరుచుకోదు. అందువల్ల దొంగతనం జరిగిందని శాఖ నమ్ముతున్నట్టయితే మొదటి ముద్దాయిగా నా పేరు చేర్చవలసిందిగా కోరుతున్నాను. అదే గోదామును మూడు నెలలకోసారి తనిఖీ చేసి సరుకు సరిగ్గా ఉందని సంతకం పెట్టిన పై అధికారిని కూడా విచారించవలసిందిగా కోరుతున్నాను. ఇంతే. ఒక కాపీ పోలీసు స్టేషనుకు ఇచ్చాను. ఒక కాపీ ఆయన చేతికే ఇచ్చాను.

ఆయన నిలబడే చదివాడు. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి కూర్చున్నాడు. "గిట్ల రాస్తరా మేడం ఎవరన్న? మనం మనం డిపార్ట్‌మెంటు" అన్నాడు. నిన్న నేను ఎమోషనల్, ఇవాళ మనం మనం. నేను రాసింది తప్పైతే ఏ వాక్యం తప్పో గుర్తు పెట్టి ఇమ్మన్నాను. ఏదీ గుర్తు పెట్టలేదు. హైడ్రోమీటరు కొలతలున్న కాగితాలు ఇంకోసారి ఇస్తారా అని అడిగాడు. ఇచ్చాను. ఈసారి చదివాడు. ఘాటు పెరగడమేమిటో ఆయనకు ఇప్పుడు చక్కగా అర్థమైంది.

వారం తిరగకముందే కంపెనీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. తీవ్రమైన వేడి వల్ల అధిక తరుగు అని ఫైలు మూసేశారు. కంపెనీ పన్ను కట్టింది, జాలీలు తెరిచింది. మేనేజరు చేతులు దులుపుకున్నాడు, అతన్ని ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. మొగులయ్యకు మాత్రం గేటు పాసు మళ్లీ ఇవ్వలేదు. కాంట్రాక్టు ముగిసిందన్నారు. నేను సేటుతో గొడవపడ్డాను, రాసి కూడా ఇచ్చాను. నియామకాలు నా పరిధిలోకి రావని జవాబు వచ్చింది, రూలు ప్రకారం అది నిజం. మొగులయ్య ఊరికి వెళ్లి కలిస్తే పొలం గట్టు మీద నిలబడే మాట్లాడాడు.

"కేసు పోయింది, మంచిగైంది. గా జాగల మాత్రం మళ్ల అడుగు పెట్ట మేడం. ఊర్ల నన్నేమంటుండ్రో తెలుసా? పీపా మొగులయ్య అంటుండ్రు."

ఆ మాట ఊరితో ఆగలేదు. మెదక్‌లో బోర్బన్ అన్న పేరు జనం చెవిన మొదట పడింది ఇలాగే. అమెరికా మందు కాస్తున్నారట, కాపలా ఉన్నోడే ఆగలేక పీపాలకు పీపాలు తాగాడట, అంత రుచట. కేసు తీసేసిన సంగతి ఎవరికీ తెలియదు, తెలిసినా చెప్పుకోవడానికి అందులో మజా లేదు. సీసాలు అమ్మకానికి వచ్చేసరికి షాపుల ముందు జనం ఆ పేరుతోనే ఎదురుచూస్తున్నారు. ఒకసారి బస్టాండు దగ్గర ఆటో కోసం నిలబడితే పక్కనున్న వైన్ షాపులో ఒకతను "మొగులయ్య తాగింది గదియ్యి అన్నా" అని అడగటం చెవులారా విన్నాను. షాపువాడు తడుముకోకుండా తీసి ఇచ్చాడు. కొన్నవాళ్లలో చాలామంది మళ్లీ వచ్చి కొన్నారు, అది కూడా నిజమే. సరుకు బాగుంది. రెండు మెదక్ ఎండలు తాగిన సరుకు బాగుండక ఏం చేస్తుంది? కంపెనీ ఒక్క ప్రకటన వేయకుండా అమ్ముకుంది. ఆ పేరు సొంతదారుకు మాత్రం కూలి పని దొరకడం కష్టమైంది, సరుకున్న చోటికి అతన్ని ఎవరూ పిలవలేదు.

విడుదల రోజు గెస్టుహౌసులో విందు జరిగింది. మా పై అధికారి గ్లాసు ఎత్తి, ఈ మెత్తదనం ఎండ వల్లే వచ్చిందని పక్కవాళ్లకు వివరిస్తున్నాడు. నేను చెప్పిన మాటలే, వరస కూడా మారలేదు. నేను అక్కడి నుంచి లేచి వచ్చేశాను. వచ్చే ముందు గోదాముకు నా తాళం సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను, అది ఉద్యోగం కాబట్టి.

ఆ పోస్టింగులో నాకు తెలిసివచ్చింది ఇది. నిజాన్ని రుజువు చేసినందుకు కేసు పోలేదు. అబద్ధం ఎవరి కుర్చీ కిందికి వస్తుందో చూపించినందుకు పోయింది. రుజువుతోనే పోతుందని నమ్ముకుని ఇంకో రెండు రోజులు కూర్చుని ఉంటే మొగులయ్య జైల్లో ఉండేవాడు. ఇంకో సంగతి, కేసు పెట్టేటప్పుడు ఊరంతా వింటుంది, తీసేసేటప్పుడు ఫైలు ఒక్కటే వింటుంది. అది నా చేతిలో లేకపోయింది. రిటైరయ్యేదాకా ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ప్రతి తరుగు విచారణలో, ఎవరి పేరైనా రాయకముందు తలుపుకు తాళాలు ఎన్ని, చెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయని మొదటి వాక్యంగా రాయించాను. ఆ వాక్యం రాశాక ఒక్క కూలిమనిషి మీద కూడా కేసు నిలబడలేదు.